గురిగిలో మిగిలిన రాయి

హలో, వినిపిస్తున్నదా? అందరూ బాగున్నారా? నేను సిరోంచ పోశంను. రోజూ పొద్దున పూల ఫొటోలు పెట్టి మిమ్మల్ని సతాయించే పోశం మామనే. ఇవాళ ఫొటో లేదు. ఒక ముచ్చట చెప్తాను, జర పెద్దదే, చాయ్ పక్కన పెట్టుకుని చదవండి. నేను పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి. అదీ మరాఠీ బడి. తెలుగు రాయడం సినిమా పోస్టర్లు చూసి, పకోడీలు కట్టిచ్చిన పేపర్లు చదివి నేర్చుకున్నాను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

ఇది ఎనభై తొమ్మిది వానకాలం సంగతి.

అంతకు మూడేళ్ల ముందు పెద్ద వరద వచ్చి ప్రాణహిత ఒడ్డున ఉన్న మా ఊరు నడుముల దాకా మునిగింది. ఊరి పేరు చెప్పను, అక్కడ చేలున్నవాళ్లు ఈ గ్రూపులోనే ఉన్నారు. పాత ఊరు అనుకోండి. ఆ ఊరిని ఎత్తు మీదికి మార్చాలని సిరోంచలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఒక ఆఫీసు పెట్టారు. రెండేళ్లు నడిచి మూతపడింది. ఇప్పుడు ఆ గదుల్లో మొబైల్ దుకాణం ఉంది.

ఆ ఆఫీసులోకి ఒక కంప్యూటర్ వచ్చింది. దాన్ని నడిపేవాడు మా బావ ఈరయ్య, మా అక్క యాదక్క మొగుడు. నాగపూర్‌లో ఆరు నెలల కోర్సు చేసి వచ్చాడు. తాలూకాలో కంప్యూటర్‌ను ముట్టుకున్న మొదటి మనిషి తన మొగుడేనని మా అక్క బోరింగు దగ్గర చెప్పుకునేది. ఎవరూ కాదనలేదు. అదేమిటో తెలిస్తే కదా కాదనడానికి. నాకు టైపింగు వచ్చు కాబట్టి బావ ఆఫీసు పెద్ద సాహెబ్‌తో మాట్లాడి నన్ను రోజు కూలీ మీద ఆపరేటర్‌గా పెట్టించాడు. అప్పుడు నాకు ఇరవై ఒకటి.

పని చెప్తాను, కష్టమైంది కాదు. మిషన్‌లో రెండు ఫైళ్లు. పాత ఊరిది ఒకటి, కొత్త ఊరిది ఒకటి. పాతదాంట్లో నూట నలభై మూడు ఇళ్లు. సర్వే మనిషి ఇంటికి పోయి, మనిషి ఉన్నాడని చూసి, వేలిముద్ర తీసుకుని కాగితం పంపుతాడు. కాగితం చూసి నేను ఇంటి నంబరు కొడితే ఆ ఇల్లు పాత ఫైలులోంచి పోయి కొత్త ఫైలులో చేరుతుంది. కొత్త ఫైలులో ఉన్నవాళ్లకే ఎత్తు మీద జాగా.

ముందు తీసేయడం, తర్వాత చేర్చడం. ముందే చేర్చి తర్వాత తీయొచ్చు కదా అని నేను అడిగాను. సాహెబ్ ఒప్పుకోలేదన్నాడు బావ. అంతకుముందు పనిచేసిన చోట ఒకే పేరు రెండు జాబితాల్లో పడి ఒకడు రెండు జాగాలు కొట్టేశాడట, సాహెబ్‌కు మెమో వచ్చిందట. అప్పటినుంచి ఒక పేరు రెండు చోట్ల కనపడితే ఆయనకు పామును చూసినట్టే. ఏ చోటా కనపడకపోతే మాత్రం ఆయనకేమీ అనిపించేది కాదు.

ఇంకో కట్టడి కూడా ఉండేది. కొత్తగా ఒక్క పేరు టైపు చేయాలన్నా సాహెబ్ సంతకం కావాలి. నాకంటే ముందున్న ఆపరేటర్ సొంత చిన్నాయన పేరు చొప్పించి నౌకరీ పోగొట్టుకున్నాడు. ఆ కుర్చీలోనే నేను కూర్చున్నది.

రోహిణి కార్తె మొదటి రోజులు. మధ్యాహ్నం బావ అన్నానికి పోయాడు. డెబ్బై ఆరో నంబరు కాగితం చేతికొచ్చింది. లింగక్క. మా మేనత్త, మాకు లింగత్త. మా బాపు జోగయ్యకు అక్క. పెళ్లయిన నాలుగేళ్లకే మొగుడు పోయి పుట్టింటి ఊరికి తిరిగొచ్చింది. పిల్లలు లేరు. రెండు మేకలు, ఒక మట్టిల్లు. మా అమ్మ పోయాక నన్నూ యాదక్కనూ సాకింది ఆమే. ముందు రోజే నాతో, "మీ జాగ పక్కకే నా జాగ వచ్చేటట్టు సూడురా. ముసలిదాన్ని, పిలిస్తే వినపడాలె" అని చెప్పి పంపింది. జాగాలు చిట్టీల మీద పడతాయి, నా చేతిలో ఏముంటుందని నవ్వుకుంటూ నంబరు కొట్టాను.

తెర నల్లబడింది. ఫ్యాను ఆగింది. స్టెబిలైజర్ బుయ్యిమనడం ఆగాక గోడ మీద బల్లి చప్పుడు వినపడింది.

కరెంటు గంటన్నరకు వచ్చింది. కొత్త ఫైలులో వెతికాను. లింగక్క లేదు. పాత ఫైలులో వెతికాను. అక్కడా లేదు. మళ్లీ రెండూ వెతికాను. పేరు టైపు చేద్దామంటే సంతకం కావాలి. సంతకానికి పోతే, సొంత మేనత్త పేరు పట్టుకొచ్చాడు వీడూ అంటారు. వానలయ్యాక రెండో లిస్టు ఎట్లాగూ ఉంది, అప్పుడు చూద్దామనుకున్నాను.

డెబ్బై ఏడో నంబరు కొట్టాను.

సాయంత్రం బావ రెండు ఫైళ్లూ కలిపి లెక్కపెట్టాడు. నూట నలభై రెండే వచ్చాయి.

"ఒకటి తక్కువ పడుతున్నదేందిరా పోశం?"

"రిజిస్టర్ల ఒక పేరు రెండుసార్లు రాసిండ్రు బావా. నేనే సూసిన."

"పక్కానా?"

"పక్కా."

బావ తన నోటుబుక్కులో నూట నలభై మూడు కొట్టేసి నూట నలభై రెండు అని రాసుకున్నాడు. నన్ను నమ్మాడు. అక్క పెళ్లయిన నాటినుంచి నేను ఆయన సైకిలు వెనక కూర్చుని తిరిగినవాణ్ణి, ఎందుకు నమ్మడు?

పది రోజులకు మళ్లీ కరెంటు పోయింది. ఈసారి బావ నా పక్కనే ఉన్నాడు. వచ్చాక చూస్తే ఆగమ్మ అనే ఆమె ఇల్లు రెండు ఫైళ్లలోనూ లేదు. బావ ముఖం మాడిపోయింది. రిజిస్టరు చంకన పెట్టుకుని సాహెబ్ గదిలోకి పోయాడు, వెనకే నేనూ పోయాను. సాహెబ్ ఫోను చెవికి ఆనించుకుని ఉన్నాడు. బావ హిందీలో చెప్పుకుపోతుంటే వేలిముద్ర కాగితం లాక్కుని, చూడకుండానే సంతకం గీశాడు. ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, "ఔర్ కోయీ?" అన్నాడు. ఇంకెవరన్నా ఉన్నారా అని.

బావ నా దిక్కు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

సాహెబ్ పెన్ను మూత పెట్టాడు. మేము బయటికి వచ్చాం. బావ నాకు చాయ్ తాగించాడు.

ఆ ఆదివారం బావ నన్ను వెంటబెట్టుకుని రేవుకు పోయాడు. మా బాపు ప్రాణహిత మీద పడవ నడిపేవాడు, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు. పడవ ముక్కు దగ్గర ఒక గురిగి కట్టి ఉండేది. గురిగి అంటే చిన్న మట్టి కుండ. ఒక్కో మనిషి ఎక్కేముందు బాపు ఒక గులకరాయి దాంట్లో వేస్తాడు. ఆ ఒడ్డున దిగిన మనిషి తన పేరు పైకి చెప్పాలి, అప్పుడు ఒక రాయి తీసి నీళ్లలో వేస్తాడు. అందరూ దిగాక గురిగి ఖాళీ కావాలి. మా తాత కాలంలో సంత నుంచి వచ్చే పడవలోంచి ఒక పిల్ల జారిపడిందట. ఎక్కిందో లేదో ఎవరికీ గుర్తులేక రెండు రోజులు రెండు ఒడ్ల మీదా వెతికారట. అప్పటినుంచి ఈ ఆచారం. చిన్నప్పటినుంచి చూస్తున్నదే, నాకు వింతేమీ కాదు. బావ మాత్రం ఆ రోజు కొత్తగా చూసినట్టు చూశాడు.

"కాలు పెట్టంగనే ఏస్తవా మామా రాయి?"

"పెట్టంగ కాదు అల్లుడా, పెట్టకముందే. ముందు కాలు పెట్టి, నేను రాయి దేవులాడేలోపల వాడు జారిండనుకో. వాడు ఎక్కిండని ఎవనికి ఎరుక?"

"నడిమిట్ల నీకే ఏమన్నయితే?"

"నన్నే సంపుతున్నవా?" అని బాపు నవ్వాడు. "నా తర్వాత తెడ్డు పట్టెటోడు ముందుగాల గురిగిల సూస్తడు. ఒక్క రాయి ఉన్నా కొత్తోళ్లను ఎక్కనియ్యడు. ఆ మనిషి ఆ ఒడ్డుకు చేరిండా, పేరు అడిగి రాయి తీస్తడు. చేరలేదా, ఈ ఒడ్డుకే తెచ్చి దించుతడు. నడిమిట్ల ఇడిసిపెట్టుడు మాత్రం లేదు."

బావ అక్కడే ఇసుకలో కూర్చుని బీడీ కట్ట మీది కాగితం విప్పి దాని వెనక రాసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు సైకిలు తొక్కుతూ, చదువురాని మా మామ పడవకున్న బుద్ధి నా ప్రోగ్రాముకు లేకపాయె అని రెండుసార్లు అన్నాడు.

సోమవారం మూడో ఫైలు పుట్టింది. దాని పేరే పడవ. ఇంటిని కదిలించే ముందు ఆ ఇంటి వివరమంతా, ఎక్కడినుంచి ఎక్కడికో పడవ ఫైలులో రాయాలి. తర్వాత కొత్త ఫైలులో చేర్చి, పాతదాంట్లోంచి తీయాలి. రెండూ అయ్యాకే పడవ ఫైలులోంచి చెరపాలి. మిషన్ తెరవగానే మొట్టమొదట పడవ ఫైలు చూసుకుంటుంది. దాంట్లో ఎవరైనా మిగిలి ఉంటే కొత్త ఫైలులో వెతుకుతుంది. అక్కడ ఉంటే పాతదాంట్లోంచి తీసేస్తుంది. లేకపోతే పాతదాంట్లోనే తిరిగి కూర్చోబెడుతుంది. ఏదో ఒక ఒడ్డు. సాహెబ్‌కు భయమైన రెండు పేర్లు మిగలవు, బావకు భయమైన మాయమయ్యే పేరూ మిగలదు.

బావ కావాలని ప్లగ్గు పీకి చూశాడు. మొదటిసారి పడవ ఫైలు ఖాళీ! రాసింది ఫ్లాపీ మీదికి దిగకుండా మిషన్ బుర్రలోనే ఉండి, కరెంటుతోపాటే పోయిందట. ఆ సాయంత్రం బాపు అంగడికి వచ్చి మా అక్క ఇంట్లో అన్నం తింటుంటే బావ తల పట్టుకుని చెప్పాడు. బాపు ముద్ద మింగి, "రాయి చేతిల పట్టుకుంటే ఏసినట్టా అల్లుడా? గురిగిల పడ్డ సప్పుడు వినాలె" అన్నాడు.

తెల్లారి బావ ప్రతిసారీ పడవ ఫైలును మూసి, మళ్లీ తెరిచేటట్టు రాశాడు. మూసినప్పుడల్లా ఫ్లాపీ గర్రుమనేది. ఆ గర్రు వినపడ్డాకే ముందడుగు. ఇరవై సార్లు ప్లగ్గు పీకాడు. ఇరవై సార్లూ ఒక్క ఇల్లు పోలేదు. బావ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను. ఆ రోజు నుంచి పొద్దున మిషన్ పెట్టగానే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాట పడేది, పడవ ఖాళీ అని. సాహెబ్‌కు తెలుగు రాదు, అదేదో కంప్యూటర్ భాష అనుకున్నాడు. రోజూ దాన్ని మొదట చదివేది నేనే. పడవ కట్టకముందు పోయిన మనిషికి పడవలో రాయి ఉండదు. ఇరవై సార్లు ప్లగ్గు పీకినా డెబ్బై ఆరు కనపడదు.

మిరుగం కార్తె వాన పడ్డ నాలుగో రోజు కొత్త ఊరి జాగా మీద టార్పాలిన్ పట్టా కట్టి పేర్లు పిలిచారు. పేరు పిలిస్తే మనిషి లేచి పోయి డబ్బాలోంచి చిట్టీ తీయాలి, చిట్టీలో ఉన్న నంబరు జాగా ఆ ఇంటిది. లింగత్త ముందు వరసలో గొడుగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డెబ్బై ఐదు పిలిచారు. ఆమె లేచి చీర సర్దుకుంది. డెబ్బై ఏడు పిలిచారు. ఆమె కాసేపు నిలబడి, మళ్లీ కూర్చుంది. మధ్యాహ్నం దాకా కూర్చుంది.

అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"నన్ను పిలువలేదేందిరా పోశం? నేను నిద్రపోలే."

"రెండో లిస్టుల వస్తది అత్తా."

"ఎన్నడు?"

"వానలయినంక."

"మంచిది బిడ్డా" అని కొంగు ముడి విప్పి నాకు రెండు మామిడిపండ్లు ఇచ్చింది. చిట్టీ తీశాక అందరం కలిసి తిందామని తెచ్చిందట. నేను రెండూ అక్కడే నిలబడి తిన్నాను. రుచి గుర్తులేదు.

ఆ రోజు ఇంట్లో యాదక్క బావను నిలదీసింది, అంత గొప్ప మిషన్‌లో మా అత్త ఎట్లా లేదని. బావ ఆఫీసుకు పోయి రిజిస్టరు తెచ్చాడు. డెబ్బై ఆరు దగ్గర లింగక్క పేరు, వేలిముద్ర. రిజిస్టరంతా తిరగేశాడు. ఏ పేరూ రెండుసార్లు లేదు. పుస్తకం నా ముందు పెట్టాడు.

"రెండుసార్లు రాసిన పేరేదిరా?"

నేను పుస్తకం మూశాను. బావ అంగీ వేసుకుని సాహెబ్ ఇంటికి పోయాడు. సాహెబ్ లిస్టు పట్టుకుని మధ్యాహ్నమే గడ్చిరోలి పోయాడట. తెల్లారి బావ బస్సెక్కాడు. ఆలపల్లి దాటక ముందే వాగు మీద నీళ్లు, రోడ్డు బందు. రెండు రోజులు అక్కడే ఉండి వెనక్కి వచ్చాడు. లిస్టు మీద ముద్ర పడింది, ఇక రెండోదాంట్లోనే అని కబురు వచ్చింది.

ఊరు కదిలింది. రేకులు, వాసాలు, కోళ్లగంపలు ఎడ్లబండ్ల మీద ఎత్తు మీదికి పోయాయి. మా బాపు కూడా పోయాడు. లింగత్తను రమ్మంటే రాలేదు. తమ్ముని జాగాలో ఎన్ని రోజులు ఉంటాను, నా పేరు మీద వచ్చాకే వస్తానంది. బాపు ఎంత చెప్పినా అదే మాట. పాత ఊళ్లో ఆమె ఒక్కదాని పొయ్యి నుంచే పొగ వచ్చేది.

పుష్యాల కార్తెలో నది లేచింది. ఎత్తుకూ పాత ఊరికీ నడుమ వాగు ఎగదన్ని దారి మునిగింది. బాపు పడవ తీశాడు, నేను ఎక్కాను. ఇంటి గోడ ఒకటి అప్పటికే కూలింది. అత్త అరుగు మీద ఒక మేకను పట్టుకుని నిలబడి ఉంది. రెండో మేక గురించి మేము అడగలేదు. బాపు గురిగిలో రాయి వేశాడు. చప్పుడు విని అత్త కాలు పెట్టింది.

"ఎత్తు మీదికి పోదాం అక్కా" అన్నాడు బాపు.

"ఆ ఒడ్డుకు పట్టు" అంది. ఆ ఒడ్డున ఆమె మొగుని తరఫువాళ్లుండేవారు. ముప్పై ఏళ్లుగా ఆమె వాళ్ల గడప తొక్కలేదు.

బాపు తెడ్డు అందుకున్నాడు. ధార మీద చాలా కిందికి కొట్టుకుపోయి ఆ ఒడ్డు తుమ్మల దగ్గర ఆనాం. మేకను ముందు దించి, తర్వాత తాను దిగింది. బాపు గురిగిలో చెయ్యి పెట్టి రాయి పట్టుకున్నాడు.

"పేరు చెప్పక్కా."

అత్త మేక తాడు చేతికి చుట్టుకుంది.

"నా పేరు ఏడున్నది తమ్మీ? లిస్టుల లేదన్నరు గద."

తుమ్మల నడుమ నుంచి నడిచిపోయింది. వెనక్కి తిరగలేదు. బాపు నా దిక్కు చూశాడు. నేను డబ్బాతో నీళ్లు తోడుతున్నాను. పడవలో నీళ్లు లేవు.

బాపు రాయిని మళ్లీ గురిగిలో వేశాడు. చప్పుడైంది.

దీపావళి దాటాక రెండో లిస్టు వచ్చింది. మొదటి పేరే లింగక్క. బావ పట్టుబట్టి మా పక్క జాగానే ఇప్పించాడు. కాగితం పట్టుకుని నేనూ బావా ఆ ఒడ్డుకు పోయాం. ఆమె మొగుని తరఫువాళ్ల ఇంట్లో నాలుగే రోజులుందట. మిరపతోటల కూలికి పోయే ముఠాతో కిందికి పోయిందన్నారు. ఏ ఊరో తెలియదన్నారు. మూడుసార్లు పోయాం. ఖమ్మం దాకా కూడా ఒకసారి పోయాం.

బావ మరుసటి ఏడు చంద్రపూర్‌లో పని చూసుకున్నాడు. నాతో మాటలు మానలేదు. పండుగకు బట్టలు పెట్టాడు, నా పెళ్లికి వంట దగ్గర నిలబడ్డాడు, ఒక్కనాడూ ఆ సంగతి ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు ఏమీ అనిపించేది కాదు. ఆఫీసు మూసేదాకా నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. రోజూ పొద్దున, పడవ ఖాళీ. బావ పడవ కట్టాక ఒక్క ఇల్లు కూడా పోలేదు, అది నిజం.

బాపు ఇంకా పదిహేనేళ్లు రేవు మీద ఉన్నాడు. ప్రతి ఖేపూ, అంటే ప్రతి ట్రిప్పూ, అందరూ దిగి పేర్లు చెప్పాక గురిగిలో ఒక రాయి మిగిలేది. కొత్తగా వచ్చినవాళ్లు, "ఇంకోటి ఉన్నది మామా" అని చూపించేవారు.

"అది ఈ ఖేపుది కాదు" అనేవాడు.

నేను చేసింది బాపుకు చెప్పలేదు. ఆయన అడగలేదు. పోయేముందు గురిగిని నా చేతికిచ్చాడు, అంతే. ఇప్పుడు నది మీద వంతెన ఉంది, పడవతో ఎవరికీ పని లేదు. మా పక్క జాగా ఖాళీగానే ఉంది. యాదక్క వచ్చినప్పుడల్లా దాంట్లో గడ్డి పీకిపోతుంది. గురిగి మా ఇంట్లో టీవీ పక్కన ఉంది. ఆ రాయిని నేను తీసి పారేయొచ్చు, ఎవరూ అడ్డం రారు. కానీ పద్ధతి అది కాదు కదా. ఆ ఒడ్డున పేరు చెప్తేనే రాయి తీయాలి.

అందుకే ఇంత పొడుగు రాశాను. మీలో చాలామందికి ఆ ఒడ్డున చుట్టాలున్నారు. చెన్నూరు దిక్కు, కిందికి పోతే మంథని, ఖమ్మం దాకా మీ గ్రూపులున్నాయి. ఈ ముచ్చటను అక్కడికి పంపండి. లింగక్క. పొట్టి మనిషి, ఎడమ చేతి మీద మూడు చుక్కల పచ్చబొట్టు, వెంట ఒక నల్ల మేక. అప్పటికే ఆమెకు యాభై దాటాయి, ఇప్పుడు ఉంటుందని నేననుకోను. ఆమెకు ఒక పూట అన్నం పెట్టినవాళ్లో, పక్కన నిలబడి మిరపకాయలు ఏరినవాళ్లో, చివరికి మన్ను వేసినవాళ్లో ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్లు నాకు ఫోన్ చేసి ఆమె పేరు ఒక్కసారి చెప్తే చాలు. ఇంకేమీ అడగను. నంబరు కింద పెడుతున్నాను. ఆ ఫోన్ పెట్టేశాక గురిగి పట్టుకుని రేవుకు పోతాను.